కాళ్లు నేలకి ఆనని పిల్లాడి చేతిరాత

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం మూసాపేటలో ఉంటాం. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడో నెలలోనే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని కండరాలు సరిగ్గా మాట వినకపోవడం, అందులో కాళ్లు ఎక్కువ బిగుసుకునే స్పాస్టిక్ డైప్లీజియా అన్నారు. కాళ్లకి స్ప్లింట్లు (ఆసరా పట్టీలు) వేసుకుని సొంతంగా నడుస్తాడు, మెట్లెక్కేటప్పుడు మాత్రం రెయిలింగ్ కావాలి. చదువులో చురుకే. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. రాయమంటేనే ఏడుపు. నాలుగైదు లైన్లు అయ్యేసరికి చెయ్యి నొప్పి అంటాడు, అక్షరాలు లైను దిగి జారిపోతాయి. టీచర్ డైరీలో ‘చేతిరాత బాగోలేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి’ అని రాసి పంపుతున్నారు. మా అత్తమ్మ రోజూ రెండు పేజీల కాపీ రాయిస్తోంది. ఒక షాపులో సీపీ కుర్చీ ముప్ఫై వేలు చెప్పారు. అది కొంటే రాత బాగుపడుతుందా? మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు వాడు కూర్చునే త్రీ సీటర్ బెంచీని టేపుతో కొలిచాను. కూర్చునే పలక నేల నుంచి 17 అంగుళాలు, రాసే బల్ల 28 అంగుళాలు. వాడి కాళ్లు గాల్లోనే వేలాడుతున్నాయి. వాడి కొలతలు, ఫొటో కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక అమ్మ, మూసాపేట

సమాధానం:

అమ్మా, చేతిరాత గురించి నాకొచ్చే ఉత్తరాల్లో నోట్‌బుక్ ఫొటోలు ఉంటాయి. మీరు బెంచీ కొలిచి పంపారు. మీకు కావలసిన జవాబులో సగం ఆ కొలతల్లోనే ఉంది.

ముందు మీ ఇంట్లో ఒక పని చేయండి. కిచెన్ గట్టు ఎక్కి, కాళ్లు వేలాడేసి, వీపుకి ఏ ఆధారం లేకుండా కూర్చోండి. ఒళ్లో అట్ట పెట్టుకుని పది లైన్లు రాయండి. మూడో లైనుకే నడుము కిందకి జారుతుంది, ఎడమ చెయ్యి గట్టు అంచు పట్టుకోవాలని చూస్తుంది. మన కండరాలు మన మాట వింటాయి కాబట్టి ఎలాగో లాక్కొస్తాం. మీ బాబు రోజుకి ఆరేడు గంటలు అలాగే కూర్చుంటున్నాడు, అదీ మాట వినని కండరాలతో.

షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన అర సీటు మీద వేలాడుతూ వెళ్లిన వాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. ఆ కూర్చోవడంలో ఎవరైనా కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే ఎలా వస్తుంది? ఒళ్లంతా పడిపోకుండా చూసుకునే పనిలో ఉంటే వేళ్లకి మిగిలేది ఏమీ ఉండదు. మీ వాడి రాత లైను దిగి జారడంలో సగం కారణం వాడే సీటులో జారుతుండటం.

‘చేతులు బాగానే ఉన్నాయి, జబ్బు కాళ్లకే కదా’ అని చాలామంది అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మెదడు లోపల ద్రవం ఉండే గదుల అంచున ఉన్న తెల్ల పదార్థం తేలిగ్గా దెబ్బతింటుంది. కాళ్లకి వెళ్లే నరాల దారి ఆ అంచుకి బాగా దగ్గరగా పోతుంది, చేతులకి వెళ్లేది కాస్త ఎడంగా పోతుంది. అందుకే డైప్లీజియాలో కాళ్లు ఎక్కువ బిగుస్తాయి, చేతులు తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పెన్సిల్ వేళ్లతో తిప్పడం లాంటి సన్నపనిలో ఆ కాస్తా బయటపడుతుంది.

ఇక కాళ్ల సంగతి. తొడ వెనక కండరాలు ఒక చివర కటి ఎముకకి, ఇంకో చివర మోకాలి కింద అతుక్కుని ఉంటాయి. డైప్లీజియాలో ఇవి బిగుసుకుని పొట్టిగా అవుతాయి. కాళ్లు ముందుకి చాపినా, గాల్లో వేలాడినా ఆ కండరాలు కటిని వెనక్కి లాగేస్తాయి. అప్పుడు పిల్లాడు పిర్రల మీద కాకుండా నడుము కింది ఎముక మీద కూర్చుంటాడు, వీపు గూనిలా వంగుతుంది, తల నిలబెట్టడానికి గడ్డం పైకెత్తుతాడు. మీరు పంపిన ఫొటోలో ఉన్నది అచ్చంగా అదే. మడమలు మోకాళ్ల కిందికి, ఇంకాస్త వెనక్కి వచ్చి దేనిమీదైనా గట్టిగా ఆనితే ఆ లాగుడు తగ్గుతుంది.

లెక్క వేద్దాం. బాబు స్ప్లింట్లు, బూట్లు వేసుకుని ఉన్నప్పుడు మోకాలి వెనక నుంచి బూటు అడుగు దాకా పన్నెండున్నర అంగుళాలు అని రాశారు. వేసుకునే కొలవడం మంచి పని, అవి తీసేసి కొలిచి పెట్టె చేయించుకునే వాళ్లే ఎక్కువ. కూర్చున్నప్పుడు సీటు నుంచి మోచేయి ఏడు అంగుళాలు అన్నారు. అంటే 17 అంగుళాల బెంచీ మీద మోచేయి నేల నుంచి 24 అంగుళాల ఎత్తులో ఉంటుంది. బల్ల 28. నాలుగు అంగుళాలు ఎక్కువ. ఆ బల్ల మీద చెయ్యి పెట్టాలంటే భుజం చెవి దాకా లేవాలి. మీ వాడు చెప్పే చెయ్యి నొప్పి వేళ్లలో మొదలవుతోందో భుజంలో మొదలవుతోందో ఒకసారి వేలు పెట్టి చూపించమనండి.

బెంచీ ఇనుముది, కొయ్యలేం. కాబట్టి పిల్లాణ్ణి పైకి లేపుదాం. మూడు అంగుళాలు లేపితే లెక్క బాగా కుదురుతుంది గానీ, ఆ బల్ల కింద పుస్తకాల అర ఉంది. తొడలు దానికి తగులుతాయి. రెండు అంగుళాలతో సరిపెట్టండి. అప్పుడు సీటు 19, మోచేయి 26, బల్ల 28 అవుతాయి. మోచేయి కంటే రెండు అంగుళాలు ఎత్తు బల్ల ఇలాంటి పిల్లలకి తప్పేమీ కాదు, ముంజేతులు ఆనించుకుంటే నడుముకి కూడా ఆసరా దొరుకుతుంది. సీటు మీద వేసేది పరుపుల షాపులో దొరికే గట్టి రీబాండెడ్ ఫోమ్ ముక్క అయ్యుండాలి. ఇంట్లో ఉన్న మెత్తటి దిండు పెడితే అందులో కూరుకుపోయి ఇంకా జారతాడు. రెక్సిన్ కవర్ కుట్టించి, వెల్‌క్రో పట్టీతో బెంచీకి కట్టేయండి.

సీటు 19 అయితే కాళ్ల కింద పెట్టె ఎత్తు ఆరున్నర అంగుళాలు కావాలి. మీ గల్లీ కార్పెంటర్‌తో ప్లైవుడ్‌తో చేయించండి. వెడల్పు 14, లోతు 12 అంగుళాలు చాలు. పైన రబ్బరు మ్యాటు అంటించాలి, కింద నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు ఉండాలి. లేకపోతే పిల్లాడు కాలు తన్నిపెట్టగానే పెట్టె ముందు బెంచీ కిందకి పరుగెడుతుంది. వెనక కూడా చూడండి. వీపు బెంచీకి ఆనించి కూర్చుంటే మోకాలి వెనక, సీటు అంచుకి మధ్య రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే సీటు లోతు ఎక్కువైనట్టు, వీపు వెనక ఇంకో ఫోమ్ ముక్క కావాలి.

బెంచీలో ఎక్కడ కూర్చోవాలన్నది కూడా తేలాలి. మధ్యలో వద్దు. స్ప్లింట్లతో పెట్టె దాటుకుని, పక్కవాడి కాళ్లు దాటుకుని బయటకి రావడం ప్రతిసారీ ఒక యుద్ధం. దారి వైపు చివర కూర్చోబెట్టండి. కుడిచేతి వాటం అన్నారు కాబట్టి కుడి చివర, అప్పుడు పక్కవాడి మోచేయి రాసే చేతికి తగలదు. బోర్డు ఎదురుగా ఉండాలి. తల ఒక పక్కకి తిప్పి చూస్తూ రాస్తే ఇలాంటి పిల్లల్లో ఒళ్లు ఒకవైపు బిగుస్తుంది.

ఇప్పుడు ముప్ఫై వేల కుర్చీ. కొనకండి. నడవగలిగే, సొంతంగా కూర్చోగలిగే పిల్లాడికి అది అక్కర్లేదు. తల, నడుము నిలబెట్టలేని పిల్లలకి ఆ కుర్చీ నిజంగా వరమే. పక్కల ఆధారం, బెల్టు, ట్రే లేకపోతే వాళ్లు కూర్చోలేరు, తినలేరు. మీ వాడి సంగతి వేరు. సీపీ ఉన్న, నడవగలిగే చిన్నపిల్లల్ని మామూలు స్కూలు కుర్చీ బల్లల దగ్గరా, ప్రత్యేకంగా చేసిన ఫర్నిచర్ దగ్గరా రాయించి పోల్చారు కెనడా పరిశోధకులు. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో ప్రత్యేక ఫర్నిచర్ వల్ల అక్షరాలు అప్పటికప్పుడు చెప్పుకోదగ్గంత స్పష్టం కాలేదు. ఆ మాట నేను చెప్పే పెట్టెకీ వర్తిస్తుంది. పెట్టె పెట్టిన సోమవారమే ముత్యాల్లాంటి రాత రాదు. నొప్పి తగ్గాలి, నాలుగు లైన్లు రాసేవాడు ఎనిమిది రాయాలి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాస్త ఓపిక మిగలాలి. నేను దానికోసమే చెప్తున్నాను.

పదేళ్ల కిందట ఈ విషయంలో నేనే ఒక తప్పు చేశాను. ఒక పాపకి, నడిచే పాపే, బెల్టులూ ట్రే ఉన్న పెద్ద కుర్చీ రాసిచ్చాను. తల్లిదండ్రులు అప్పు చేసి కొన్నారు. అది బెంచీల మధ్య పట్టలేదు, తలుపు పక్కన విడిగా వేశారు. నెల తర్వాత చూడ్డానికి వెళ్లాను. పాప తన ఫ్రెండ్స్ మధ్య బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. కుర్చీ నిండా లంచ్ బ్యాగులు. ‘అక్కడ ఎవరూ మాట్లాడరు ఆంటీ’ అంది. అప్పటి నుంచి క్లాసు గది చూడకుండా, కనీసం ఫొటో అయినా తెప్పించుకోకుండా నేను కుర్చీ రాయట్లేదు.

బల్ల మీద పెట్టుకునే చిన్నచిన్న వస్తువులకి ఖర్చు పెద్దగా లేదు. పరీక్ష అట్టని ఆఫీసుల్లో వాడే లావు బాక్స్ ఫైలు మీద ఏటవాలుగా బిగిస్తే చాలు. మెడ తక్కువ వంగుతుంది, మణికట్టు సరైన వాలులో నిలుస్తుంది. అట్ట క్లిప్పు పుస్తకాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించుకోవచ్చు. కింద అల్మారా షెల్ఫుల్లో వేసే జాలీ రబ్బరు మ్యాటు ముక్క వేస్తే జారదు. పెన్సిల్ మూడు పలకలది, 2బి అయితే తక్కువ ఒత్తిడికే నల్లగా పడుతుంది. స్మైలీ బాల్ పిసికించమని ఎవరైనా చెప్తే ఊరుకోండి. బాల్ పిసికితే బాల్ పిసకడం వస్తుంది.

ఇక అక్షరాలు. మన పిల్లలు మూడో తరగతికే మూడు లిపులు రాస్తారు, చేతులు బాగున్న పిల్లలకే అది బరువు. ఇంగ్లిష్ ప్రింట్ అక్షరాల్లో నిలువు గీతలు చాలా ఉంటాయి, భుజంతో చెయ్యి లాగేసినా సరిపోతుంది. తెలుగు అలా కాదు. అంతా వంపులు, సన్నటి ముడులు. ‘వ’ పక్కన చిన్న వంపు తగిలిస్తే ‘మ’. ఆ వంపు వేళ్ల చివర్ల కదలికతో రావాలి. పైగా పెన్సిల్ ఎత్తి ఎత్తి పెట్టాలి. ‘పుస్తకం’ రాసే పిల్లాణ్ణి దగ్గరుండి చూడండి. ‘ప’ రాశాక కొమ్ము, ‘స’కి తలకట్టు, తర్వాత కిందకి దిగి ‘త’ ఒత్తు, మళ్లీ పైకి వచ్చి ‘క’, సున్న. ఎత్తిన ప్రతిసారీ మీ వాడి చెయ్యి గాల్లో ఊగి, ఎక్కడ దిగాలో వెతుక్కుంటుంది. ఒత్తు కింది లైనులోకి పోయి అక్కడి గుడిని గుద్దుకునేది అప్పుడే.

అందుకని తెలుగుకి లైను విడిచి లైను రాయనివ్వండి. ఒత్తుకి కిందా, గుడికి పైనా చోటు దొరికితేనే సగం గజిబిజి పోతుంది. పదానికీ పదానికీ మధ్య ఎడమ చూపుడు వేలు పెట్టడం నేర్పండి. తలకట్టు వంకరపోతే పోనివ్వండి, ‘వ’ని ‘వ’ అనీ, ‘మ’ని ‘మ’ అనీ పోల్చుకోగలిగితే చాలు. హిందీలో తల మీది గీత పదం పదానికీ వేయకుండా, లైను పూర్తయ్యాక స్కేలుతో ఒకేసారి గీసుకోమనండి. అదీ కష్టమైతే హిందీ టీచర్‌తో మాట్లాడి మానేయించండి.

కళ్లు చూపించారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. నేను పైన చెప్పిన మెదడు గదుల అంచు దగ్గరే చూపుకి సంబంధించిన దారి కూడా పోతుంది. అందుకే నెలలు నిండని డైప్లీజియా పిల్లల్లో మెల్లకన్ను, లైను తప్పిపోవడం, రద్దీగా ఉన్న పేజీలో అక్షరం వెతుక్కోలేకపోవడం తరచూ కనిపిస్తాయి. అద్దాల పవర్ ఒక్కటే చూసి పంపించే చోట ఇది తేలదు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పిల్లల విభాగానికి తీసుకెళ్లి, సీపీ ఉందనీ, నెలలు తక్కువగా పుట్టాడనీ ముందే చెప్పండి.

మీ అత్తమ్మగారి రెండు పేజీల గురించి కాస్త జాగ్రత్తగా చెప్తాను, ఆవిడ మనవడి మంచి కోరే చేస్తున్నారు. రాయడం రాస్తేనే వస్తుంది, అందులో ఆవిడది పొరపాటు కాదు. ఎంతసేపన్నదే తేడా. అలసిపోయిన చేత్తో రాసిన రెండో పేజీలో వాడు నేర్చుకునేది తప్పు పట్టు, తప్పు కూర్చోవడమే. పది నిమిషాలు గడియారం పెట్టి, వాడికి అవసరమైనదే రాయించమనండి. వాడి పేరు, తేదీ, మర్నాటి డిక్టేషన్ పదాలు. మిగిలిన ఓపికంతా ఆవిడ కథ చెప్పి ప్రశ్నలు అడగడానికి వాడుకోవచ్చు. కింద చాప మీద మఠం వేయించి రాయించొద్దు. మోకాళ్లు మడిచి పాదాలు రెండు పక్కలా పడేసి కూర్చునే అలవాటు ఉంటే అదీ గంటల తరబడి వద్దు, తుంటి కీళ్లకి మంచిది కాదు. ఇంట్లో కూడా కుర్చీ, టేబుల్, కాళ్ల కింద ఇంకో పెట్టె. టీవీ చూసేటప్పుడు ఎలా కూర్చున్నా గొడవ పెట్టుకోకండి.

స్కూలుతో మాట్లాడేటప్పుడు టీచర్‌ని తప్పుపడుతూ మొదలుపెట్టకండి. యాభై మంది పిల్లల్లో ఆవిడకి ఈ లెక్కలన్నీ ఎవరు చెప్పారు? మాటతో పాటు కాగితం కూడా ఇవ్వండి. హెడ్‌మాస్టర్ పేరున ఇలా రాస్తే చాలు:

‘మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ ఉంది. యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) నకలు జతచేశాం. బెంచీకి కుడి చివర సీటు ఇవ్వాలనీ, మేం తెచ్చే కాళ్ల పెట్టె, సీటు ఫోమ్, రాసే అట్ట క్లాసులో ఉంచనివ్వాలనీ కోరుతున్నాం. బోర్డు మీది నోట్సు ఫొటో తీసుకోనివ్వండి. హోంవర్కులో ప్రశ్నలు తిరిగి రాయకుండా జవాబులే రాసే వీలు, పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వండి. చేతిరాతకి మార్కులు తగ్గించవద్దని మనవి.’

వికలాంగుల హక్కుల చట్టం 2016లో సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ బళ్లే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బళ్లు కూడా పిల్లవాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి సెక్షన్ 17లో ఉన్నాయి. అదనపు సమయం ఎంత అని అడిగితే, వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ల రాత పరీక్షలకి కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అని రాశారు. యూనిట్ టెస్టుకీ అదే కొలత అడగండి. ఈ సెక్షన్ల నంబర్లు మొదటి మీటింగ్‌లో బల్ల మీద కొట్టి చెప్పాల్సినవి కావు. కాగితం చివర ఒక లైనులో ఉంటే వాళ్లే చదువుకుంటారు.

ఇంకో రెండేళ్లలో నోట్సు పెరిగిపోతుంది. అప్పటికి కీబోర్డు అలవాటై ఉంటే మంచిది కాబట్టి ఇప్పటి నుంచే వారానికి రెండు రోజులు టైపింగ్ ఆటలా పెట్టండి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా చూపించండి. ‘అలా అయితే రాయడం మానేస్తాడేమో’ అని మీ వారు అనొచ్చు. మనం బ్యాంకు ఫారాలు తప్ప చేత్తో ఏం రాస్తున్నామో ఆయన్ని ఒకసారి ఆలోచించమనండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాయడం, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనుల్లో సాయపడే థెరపిస్టు) ఒకరు బాబుని స్వయంగా చూడటం మంచిది. మీకు దగ్గర్లోనే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ఉంది, 1984 నుంచి పనిచేస్తోంది. కూర్చున్నప్పుడు ఒక పక్కకే ఒరుగుతున్నా, తుంటి దగ్గర నొప్పి అంటున్నా ఫర్నిచర్ సంగతి పక్కనపెట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా తీసుకున్నారో లేదో రాయలేదు. సీపీ పిల్లలకి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కూడా కొంత అందులోకి వస్తుంది.

పెట్టె స్కూలుకి తీసుకెళ్లే ముందు రోజు బాబుతో ఏదైనా ఒక మూడు లైన్ల పేరా రాయించి, ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన వేసి దాచండి. నెల తర్వాత అదే పేరా, అదే పెన్సిల్‌తో మళ్లీ రాయించండి. ఈసారి ఎక్కడ నొప్పి అన్నాడో కూడా రాసుకోండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపితే తర్వాత ఏం మార్చాలో చెప్తాను.

కార్పెంటర్‌కి ఇంకో మాట చెప్పండి. ఆరున్నర అంగుళాల పెట్టె ఒకే దిమ్మలా చేయొద్దు. నాలుగుంపావు అంగుళాల పెట్టె చేసి, దాని కింద ముప్పావు అంగుళం పలకలు మూడింటిని స్క్రూలతో బిగించమనండి. కొత్త స్ప్లింట్లు వచ్చిన ప్రతిసారీ టేపు తీసి కొలవండి. కాలు ముప్పావు అంగుళం పెరిగినప్పుడల్లా ఒక పలక ఊడదీస్తే సరిపోతుంది.